ఆ మెట్లెక్కేదాకానే...

'పేపర్లో పనిచేస్తావు కదమ్మా, నలుగురూ తెలిసుంటారు. మీ బాబాయి చేత తాగుడు మాన్పించే చోటేదైనా ఉంటే చెప్పవూ!'

రాత్రి పదింటికి పిన్ని ఫోన్. గొంతు గుసగుసలాడుతోంది. పక్కవాటా వాళ్లకు వినపడుతుందేమోనని భయం. ఇరవయ్యేళ్లుగా ఆమెది అదే భయం. బాబాయి ఆఫీసుకు ఫోన్‌చేసి 'జ్వరమండీ' అని చెప్పేది ఆమే. పెళ్లిళ్లకు ఒంటరిగా వెళ్లి 'ఆయన క్యాంపులో ఉన్నారు' అని సర్దిచెప్పేదీ ఆమే.

తీరా వెతికితే, అలాంటి చోటు వాళ్లింటికి రెండు బస్టాపుల అవతలే ఉంది. ఓ స్కూల్లో మేడమీద గది. వారానికి రెండు సాయంత్రాలు అక్కడ కొందరు గంటసేపు కూర్చుని మాట్లాడుకుంటారు. అంతా ఒకప్పుడు మందుకు బానిసలైనవాళ్లే!

ఓ ఫోన్‌తో మొదలు

ఆ బృందం పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. పొట్టిగా ఏఏ. అసలది పుట్టిందే ఓ వెతుకులాటలోంచి. 1935లో బిల్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి పనిమీద ఏక్రన్ పట్టణానికి వెళ్లాడు. పని చెడింది. తాగుడు మాని అప్పటికి కొన్ని నెలలే. హోటల్లో ఓ పక్క బార్ పిలుస్తోంది. తనలా బాధపడుతున్న మరొకరితో మాట్లాడితే తప్ప ఆగలేననిపించింది. చర్చిల జాబితా చూసి ఫోన్లు చేస్తూపోతే చివరికి డాక్టర్ బాబ్ దగ్గరికి దారి దొరికింది. ఆయనా తాగుడు మానలేక అవస్థపడుతున్న సర్జనే. ఆ ఇద్దరి మాటలతో మొదలైన ఏఏ 1957లో మనదేశానికీ వచ్చింది.

ఎక్కడుందో తెలిసేదెలా?

ఇంటర్నెట్‌లో ఏఏ ఇండియా అని వెతికితే ఊళ్లవారీగా వివరాలు కనిపిస్తాయి. ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలోనో, డీఅడిక్షన్ సెంటర్‌లోనో అడగొచ్చు. కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 14446కి ఫోన్‌చేస్తే చికిత్స ఎక్కడ దొరుకుతుందో చెబుతారు.

బృందంవాళ్ల నంబరు దొరికాక మూడు సంగతులు అడగండి. ఏ రోజు, ఎన్నింటికి? తెలుగులో మాట్లాడతారా? అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఓపెన్ మీటింగ్‌కి ఇంట్లోవాళ్లూ వెళ్లొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఏళ్లతరబడి రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, ఫిట్స్, మతిభ్రమ వస్తాయి. ప్రాణానికే ప్రమాదం కావచ్చు. కాబట్టి ముందు డాక్టరుకు చూపించాలి. మీటింగ్ మందులకు తోడే కానీ బదులు కాదు.

లోపల ఏం జరుగుతుంది?

పిన్నికి ధైర్యం చెప్పాలంటే ముందు నేను చూడాలి కదా! ఓ ఓపెన్ మీటింగ్‌కి వెళ్లా. గుండ్రంగా కుర్చీలు, పక్కన టీ గ్లాసులు. 'నేను ఫలానా, ఆల్కహాలిక్‌ని' అంటూ ఒక్కొక్కరే మొదలుపెట్టారు. ఆటో నడిపే ఆయనా, బ్యాంకులో చేసి రిటైరైన ఆయనా పక్కపక్కనే కూర్చున్నారు. ఎవరూ మధ్యలో అడ్డుతగల్లేదు, నీతులు చెప్పలేదు. ఇంటిపేరు అడగరు. ఫీజు ఉండదు. చివర్లో తిరిగే డబ్బాలో సభ్యులు తోచినంత వేస్తారు. సభ్యత్వానికి ఒకటే అర్హత... తాగుడు మానాలన్న కోరిక!

జీవితాంతం తాగనని ఒట్టు పెట్టించుకోరు. 'ఈ ఒక్కరోజూ తాగను' అనుకుంటే చాలు. రేపు మళ్లీ అదే మాట. కబుర్లతో తాగుడు పోతుందా అని సందేహం రావచ్చు. 10 వేలమందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను 2020లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. పూర్తిగా మానేసి ఉండటంలో ఏఏ మార్గం ఇతర పద్ధతులకు తీసిపోదని, కొన్నిటికన్నా మెరుగని తేల్చింది.

ఇంట్లోవాళ్లకూ ఓ కుర్చీ

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం ఊపుతోనే 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. వీధిలో దుకాణంమీద గొంతెత్తిన మనమే, ఇంట్లో సీసా దగ్గరకొచ్చేసరికి పరువంటూ నోరు నొక్కుకుంటాం. ఆ నోరు విప్పించేందుకే బిల్ భార్య లోయిస్ మరికొందరితో కలిసి 1951లో అల్‌అనాన్ మొదలుపెట్టింది. తాగేవాళ్ల కుటుంబాల కోసం నడిచే బృందమిది. ఆయన మానేదాకా ఆగక్కర్లేదు, మీరు ముందు వెళ్లొచ్చు.

పిన్ని చేసింది అదే. మొదటిసారి బాబాయి స్కూలు గేటుదాకా వచ్చి, మెట్లు చూసి వెనక్కి తిరిగాడు. ఆవిడ గొడవపడలేదు. మర్నాటి నుంచి ఆఫీసుకు జ్వరమని ఫోన్ చేయడం మానేసింది. తను మాత్రం వారం వారం కుటుంబాల మీటింగ్‌కి వెళ్లింది. మూడో నెలలో ఓ సాయంత్రం 'నేనూ వస్తా' అన్నాడు బాబాయి. డాక్టరూ, మీటింగూ రెండూ నడిచాయి. మధ్యలో ఓసారి జారాడు. తలదించుకుని వెళ్తే, 'వచ్చావు కదా, కూర్చో' అని టీ ఇచ్చారట.

మొన్న పండక్కి వచ్చినప్పుడు 'మానేసి ఎన్నాళ్లయింది బాబాయ్?' అనడిగా. 'లెక్క మీ పిన్నిని అడుగు. ఈరోజుకైతే తాగలేదు' అన్నాడు.

పిన్ని పక్కవాటా ఆవిడతో మాట్లాడుతోంది. గట్టిగానే!