క్యాలెండర్ మేకుకి పూలసీసా

పెరట్లో నాలుగు చామంతులో, గులాబీలో పూస్తే ఇంట్లో అమర్చుకోవాలని ఎవరికుండదు చెప్పండి? పెట్టే చోటే కరువు. ఉన్న ఒక్క బల్ల మీదా పిల్లల పుస్తకాలు. టీవీ పక్కన పెడదామంటే బంతి తగిలి సీసా, నీళ్లు, పూలు అన్నీ నేల మీదే! గోడకి తగిలిద్దామంటే, అద్దె ఇంట్లో కొత్త మేకు కొడితే ఇంటివారు ఊరుకోరు. పాత క్యాలెండర్ తీసేసిన మేకు ఎక్కడో ఒకటి ఉంటుంది కదా, అది చాలు.

సాసు సీసాలాంటి, మెడ సన్నంగా ఉన్న గాజు సీసా తీసుకోండి. ప్లాస్టిక్‌ది తేలిక, పూల బరువుకి ఒరిగిపోతుంది. లేబుల్‌ని వేడినీళ్లలో నానబెట్టి గీకేయండి. మిగిలిన జిగురుకి కొబ్బరినూనె రాసి, పావుగంటాగి తుడిచి, సబ్బుతో కడగండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే సన్నటి జీఐ తీగ ఒక మూర తీసుకుని, మెడ చుట్టూ రెండు చుట్లు బిగించి, కొసల్ని వెనకవైపు పట్టకారుతో మెలిపెట్టి ఉంగరంలా చేయండి. మొనలు లోపలికి వంచేస్తే చేతికి గుచ్చుకోవు. సీసాకి ఫెవికాల్ రాసి పురికొస చుడితే చాలా బాగుంటుంది. నీళ్లు తగలకుండా పైన అంగుళం వదిలేయండి.

వెదురు బొంగుతోనూ చేయొచ్చు గానీ, అది ఎండి చీలుతుంది. లోపల చిన్న మందు సీసా పెట్టి అందులోనే నీళ్లు పోయాలి.

పావులీటరు నీళ్లంటే పావుకిలో బరువు, దానికి గాజు బరువు తోడు. మేకుని ఊపి చూసి మరీ తగిలించండి. స్విచ్‌బోర్డు పైన మాత్రం వద్దు.

గోడకి స్క్రూలతో బిగించే రకాలు బజార్లో ముచ్చటగానే ఉంటాయి. నాకైతే నచ్చవు, తీసి కడగడం కుదరదు కదా! డెంగీ తెచ్చే దోమకి ఇంట్లో నిలవుండే మంచినీళ్లంటే ఇష్టం. గుడ్లు సీసా లోపలి గోడకి అంటుకుంటాయి. నీళ్లు పారబోసినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. ఆపైన వారం పది రోజుల్లో దోమ ఎగురుతుంది. అందుకని రెండ్రోజులకోసారి నీళ్లు మార్చడంతో సరిపెట్టకుండా లోపల బ్రష్షుతో రుద్దాలి. బ్రష్షు దూరకపోతే గుప్పెడు ఇసుక, కాసిని నీళ్లు పోసి బాగా గిలకొట్టండి.

మూరల్లెక్కన కొనే పూలకి కాడలుండవు, ఇందుకు పనికిరావు. కాడని ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులన్నీ తుంచేయండి. బంతిపూల నీళ్లు త్వరగా కంపుకొడతాయి కాబట్టి రోజూ మార్చాలి. గన్నేరు విషం, పసిపిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోవద్దు.

పూలు లేని రోజుల్లో మనీప్లాంట్ రెమ్మ పెట్టండి. ఉత్త నీళ్లలోనే వేళ్లు వేసి వారాల తరబడి పచ్చగా ఉంటుంది. దాని నీళ్లు కూడా మార్చాలి సుమా!