గుర్రానికి ముందు గడ్డి, తర్వాతే దాణా

ఇంత పొడవు రాత ఏమిటని విసుక్కోకుండా చివరిదాకా చదవండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో మనం చేతులెత్తి తేల్చాల్సిన విషయం ఇది.

మాళేగావ్ ఖండోబా జాతర అయిపోయింది. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడ్డాయి. బారాత్ గుర్రాలను, బగ్గీలను నమ్ముకుని బతికే మన కుటుంబాలకు సంక్షేమ నిధి నుంచి ఏదైనా చేయాలని అందరం ఒప్పుకున్నాం. ఏం చేయాలన్న దగ్గరే రెండు మాటలు వచ్చాయి. పెద్దవాళ్లు గుర్రానికి ఒక బస్తా శనగలు, పది కిలోల బెల్లం ఇద్దామన్నారు. పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి, విదేశాల్లో గుర్రాలకు బీట్ పల్ప్, గడ్డితో చేసిన గుళికల దాణా పెడుతున్నారు, మనమూ అవే తెప్పిద్దామన్నారు. రెండు మాటలూ మంచి మనసుతో వచ్చినవే. అయినా ఆ డబ్బులో పెద్ద భాగం జొన్న చొప్పకు, అంటే మన ఊళ్లో కడబా అనేదానికే పోవాలని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాం.

ముందు శనగల సంగతి. గుర్రమంటే శనగలు, ఉలవలు అన్న మాట ఈ నేల మీద ఈనాటిది కాదు. 1470 ప్రాంతంలో రష్యాలోని త్వేర్ నగరం నుంచి అఫనాసీ నికితిన్ అనే వర్తకుడు ఒక గుర్రాన్ని వెంటబెట్టుకుని సముద్రం దాటి వచ్చాడు. జున్నర్‌లో అక్కడి ఖాన్ ఆ గుర్రాన్ని లాక్కుంటే ఎలాగో విడిపించుకుని, చివరకు మన బీదర్‌కే తెచ్చి అమ్మాడు. అప్పుడు బీదర్ బహమనీల రాజధాని. ఏడాది పాటు దాన్ని మేపడానికి 68 ఫుతూన్లు ఖర్చయిందని కూడా లెక్క రాసుకున్నాడు. ఇక్కడి గుర్రాలకు శనగల వంటి గింజలు పెడతారని, చక్కెర, నూనె వేసి ఖిచిడీ వండి పెడతారని రాశాడు. ఆళంద్ సంతకు 20,000 దాకా గుర్రాలు అమ్మకానికి వచ్చేవని కూడా అతనే రాశాడు. ఉలవలు కన్నడంలో హురళి, మరాఠీలో కుళీథ్, తమిళంలో కొళ్ళు. పేరు ఏదైనా అన్ని భాషల వాళ్లూ దాన్ని గుర్రంతోనే జోడించారు. ఇంగ్లీషు వాళ్లయితే దాని పేరులోనే గుర్రాన్ని పెట్టేశారు.

కాబట్టి పెద్దలు చెప్పింది తప్పు కాదు, సగమే. ఆ కాలంలో గుర్రం ఉన్నచోట సాయీసు ఒకడు, ఘసియారా ఒకడు ఉండేవారు. ఘసియారా అంటే గడ్డి కోసుకొచ్చేవాడు. పొద్దున్నే కొడవలి, తాడు తీసుకుని పోయి, గట్ల మీది గరిక వేళ్లతో సహా చెక్కి, దులిపి, మోపు కట్టి తేవడమే వాడి ఉద్యోగం. ఇంగ్లీషు వాళ్ల అశ్వదళాల్లో కూడా గుర్రాలకు ఇలా గడ్డి కోసే మనుషులు వేరుగా ఉండేవారు. శనగలు, ఖిచిడీ ఆ గడ్డి మోపు మీద అదనంగా పెట్టినవి. మనకు శనగల కథ మిగిలింది, ఘసియారా కథ పోయింది.

గడ్డి ఎందుకంత ముఖ్యం? ఆవు కడుపు, గుర్రం కడుపు ఒకటి కాదు. ఆవు గబగబా మేసి తర్వాత తీరిగ్గా నెమరు వేస్తుంది. గుర్రానికి నెమరు లేదు. దాని పొట్ట చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పట్టేంతే. అందులో ఆమ్లం రాత్రింబగళ్లు ఊరుతూనే ఉంటుంది. దాన్ని అణిచేది లాలాజలం, ఆ లాలాజలం నమిలితేనే వస్తుంది. ఒక కిలో ఎండుగడ్డి నమలడానికి గుర్రానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. కిలో గింజలో, గుళికలో అయితే పది నిమిషాల్లో ఖాళీ. మిగతా గంటలన్నీ ఖాళీ పొట్టలో ఆమ్లం, నోటికి పని లేక కట్టుగొయ్య కొరకడం.

గడ్డిలోని పీచు అరిగేది పొట్టలో కాదు, వెనక ఉన్న పెద్దపేగులో. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి బలంగా మారుస్తాయి. ఒక్కసారిగా ఎక్కువ గింజలు తింటే ముందు అరగని పిండి పదార్థం ఆ పెద్దపేగులోకి జారుతుంది. అక్కడ పులుపు పెరిగి ఆ సూక్ష్మజీవులు చస్తాయి, విషాలు రక్తంలో కలుస్తాయి. కడుపు శూల వస్తుంది, గిట్టల లోపల వాపు వస్తుంది. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది పోయినట్టే.

ఇది పుస్తకం మాట కాదు. పోయిన వైశాఖంలో మనవాళ్ల పెళ్లి ఒకదానిలో బారాత్ అయ్యాక బంధువులు ప్రేమ కొద్దీ గుర్రానికి బకెట్‌తో అన్నం, బూందీ పెట్టారు. తెల్లవారేసరికి అది చెమటలు కక్కుతూ నేల మీద పొర్లుతోంది. డాక్టరు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి ప్రాణం నిలిపారు. ప్రాణం నిలిచింది గానీ ముందుకాళ్ల గిట్టలు దెబ్బతిని రెండు నెలలు కుంటింది. ఆ రెండు నెలలే ముహూర్తాల నెలలు. ఆ కుటుంబానికి ఏడాది సంపాదన అక్కడే పోయింది. బయానా తీసుకున్నవాళ్లకు డబ్బు తిరిగి ఇవ్వడానికి ఇంకో చోట చేయి చాచారు. మన నిధి వాడాల్సింది ఇలాంటిది రాకుండా చూడడానికి.

ఇక తవుడు. దాణాలో చౌకగా దొరికేది గోధుమ తవుడే గనుక చాలామంది డబ్బాలకు డబ్బాలు పెడతారు. గోధుమ తవుడులో సున్నం కన్నా భాస్వరం సుమారు 10 రెట్లు. గుర్రానికి కావలసింది దీనికి తలకిందులు, సున్నమే కొంచెం ఎక్కువగా ఉండాలి. ఏళ్ల తరబడి తవుడే మేపితే ఒంట్లో ఎముకల నుంచి సున్నం కరుగుతుంది, ముఖం ఎముకలు ఉబ్బుతాయి, నడకలో పట్టు పోతుంది.

ఇప్పుడు పిల్లల మాటకు వద్దాం. బీట్ పల్ప్ అంటే ఏమిటి? యూరప్ లాంటి చలి దేశాల్లో చక్కెర బీట్ దుంప నుంచి తీస్తారు. 1801లో సైలీషియాలో అఖార్డ్ అనే ఆయన మొదటి కార్ఖానా పెట్టినప్పటి నుంచీ ఆ దారి నడుస్తోంది. దుంపను సన్నగా తరిగి, వేడినీళ్లలో చక్కెర లాగేశాక మిగిలే పిప్పే బీట్ పల్ప్. చక్కెర పోయింది, పిండి లేదు, మిగిలింది మెత్తటి పీచు. పెద్దపేగులో బాగా పులుస్తుంది, బలంలో దాదాపు ఓట్స్‌కు దగ్గరగా నిలుస్తుంది, గింజల ప్రమాదం లేదు. నానబెట్టి పెడితే పళ్లు అరిగిన ముసలి గుర్రం కూడా తింటుంది. మంచి వస్తువే, కాదనం. కానీ అందులో సున్నం ఎక్కువ, భాస్వరం తక్కువ, విటమిన్ ఏ లేదు. అదొక్కటే పెట్టి బతికించలేం.

మన దేశంలో చక్కెర అంటే చెరుకే. మన జిల్లాలో హల్లిఖేడ్, భాల్కి వైపు కార్ఖానాలు కట్టారు కదా, అక్కడి పిప్పి వాడుకోవచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగాడు. చెరుకు పిప్పి వేరు. అది కట్టెలాంటి పీచు, బాయిలర్‌లో మండించడానికి పనికొస్తుంది, గుర్రం పేగులో అరగదు. రెండూ చక్కెర కార్ఖానా పిప్పులే అయినా కడుపుకు ఒకటి కాదు. బయటి దేశం నుంచి బీట్ పల్ప్ తెప్పిస్తే బస్తా ఔరాద్ చేరేసరికి దాని ధరలో ఓడ ఛార్జీ, లారీ ఛార్జీ కూడా ఉంటాయి.

బీట్ పల్ప్ నుంచి నేర్చుకోవలసింది ఆ బస్తా కాదు, ఆ పద్ధతి. పిండి లేని మెత్తటి పీచును నానబెట్టి, గడ్డికి తోడుగా పెట్టడం. అలాంటి పీచు మన దగ్గర లేదా? కంది, శనగ పండే ప్రాంతం మనది. పప్పు మిల్లుల్లో శనగ పొట్టు, కంది పొట్టు దొరుకుతాయి. బయటి దేశాల్లో సోయా గింజ పొట్టును బీట్ పల్ప్ లాగే గుర్రాలకు వాడతారు. మన శనగ పొట్టు కూడా ఆ జాతిదే. బూజు లేనిది చూసుకుని, జల్లించి, నానబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేస్తే ఆ పని మన ఊళ్లోనే జరుగుతుంది.

గుళికల దాణా విషయం. గడ్డిని పొడి చేసి గుళికలుగా ఒత్తితే నిల్వకు సులువు, దుమ్ము తక్కువ, వృథా తక్కువ. కానీ నమలడం పోతుంది. పైన చెప్పిన 40 నిమిషాలు, పది నిమిషాల లెక్క గుర్తుంచుకోండి. ఆబగా తినే గుర్రానికి పొడి గుళికలు గొంతులో అడ్డం పడతాయి కూడా. అందుకే నానబెట్టాలి. మన వేసవి ఎండలో పొద్దున నానబెట్టింది సాయంత్రానికి పులిసిపోతుంది, కాబట్టి ఏ పూటది ఆ పూటే. ఇంకో ముఖ్యమైన మాట. కోళ్ల దాణాలోనూ, కొన్ని పశువుల దాణాల్లోనూ మోనెన్సిన్ లాంటి మందులు కలుపుతారు. అవి కోడికి మందు, గుర్రానికి విషం, గుండె దెబ్బతిని చస్తుంది. చౌకగా వచ్చిందని కోళ్ల దాణా తోబ్రాలో పోయకండి. బూజు పట్టిన మక్కలు కూడా అంతే, మెదడును తింటాయి.

మరి చొప్ప ప్రతి ఇంటివాడూ కొనుక్కునేదే కదా, సంఘం ఎందుకు అంటారు కొందరు. పూర్వం నిజమే. చింతాకి, సంత్‌పూర్, ఠాణా కుశనూర్ ఎటు పోయినా జొన్న చేలే ఉండేవి, చొప్ప వాములు ఇంటింటికీ ఉండేవి. ఇప్పుడు వానాకాలం చేను సోయాబీన్‌కు పోయింది. సోయాతో డబ్బు వస్తుంది, రైతును తప్పు పట్టలేం. కానీ సోయా కట్టెను గుర్రం ముట్టదు. చొప్ప యాసంగి జొన్న నుంచే రావాలి, అది మాఘ, ఫాల్గుణాల్లో ఒక్కసారే కోతకు వస్తుంది. చేతిలో డబ్బున్నవాడు అప్పుడు కొంటాడు. గుర్రంవాడు వైశాఖంలో, ధర ఎక్కినప్పుడు, నాలుగు కట్టలు నాలుగు కట్టలుగా కొంటాడు, లేదా కొనలేక తవుడుతో నెట్టుకొస్తాడు. ఈ ఒక్క చోటే సంఘం డబ్బు వాళ్ల డబ్బు కన్నా ఎక్కువ పని చేస్తుంది.

లెక్క వేద్దాం. 300 కిలోల గుర్రానికి రోజుకు దాని బరువులో నూటికి ఒకటిన్నర వంతు, అంటే 4.5 కిలోలకు తగ్గకుండా ఎండుమేత పడాలి. 5 కిలోలు అనుకుంటే నెలకు 150, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా 750 కిలోలు. పది గుర్రాలకు 7.5 టన్నులు. పచ్చి మేత ఉంటే మంచిదే గానీ అందులో నూటికి 80 పాళ్లు నీళ్లు, 25 కిలోల పచ్చి మేత 5 కిలోల పొడి మేతతో సమానం. లేత పచ్చి జొన్న మాత్రం అసలు వద్దు, అందులో విషం ఉంటుంది. ధర పోల్చేటప్పుడు బస్తా ధర కాదు, కిలో పొడి మేత ధర పోల్చండి. డబ్బా కొలత మానండి. డబ్బా శనగలు, డబ్బా తవుడు ఒక బరువు కాదని పార్శిల్ ఆఫీసు కాటా ముందు ఉద్యోగం చేసినవాళ్లం మాకు తెలుసు.

గడ్డితో బలం వస్తుందా అని అడుగుతారు. రేసు గుర్రానికి గింజలు తప్పవు. బారాత్ గుర్రం పరుగెత్తదు. బ్యాండు మోతలో, లైట్ల మధ్య గంటల తరబడి నిలబడి, అడుగులో అడుగు వేస్తుంది. దానికి కావలసింది చల్లని కడుపు, గట్టి గిట్ట, నిండా నీళ్లు. చొప్పలో మాంసకృత్తులు తక్కువ కాబట్టి నానబెట్టిన ఉలవలో శనగలో పూటకు కిలో దాటకుండా, చిటికెడు ఉప్పుతో పెట్టండి. పెద్దల మాటకు అక్కడ చోటుంది. ఏ మేత మార్చినా వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి.

కాబట్టి మేము సమావేశం ముందు పెట్టేది ఇది. నిధిలో నాలుగింట మూడు వంతులు యాసంగి జొన్న కోతలప్పుడే చొప్ప టోకున కొనడానికి, తడవకుండా నిల్వ చేయడానికి, అందరూ వాడుకునే ఒక కుట్టీ మిషన్‌కు పెడదాం. ముక్కలు మరీ పొడిగా కాకుండా చూసుకుందాం. మిగిలిన వంతులో శనగ పొట్టు, ఉలవలు కొందాం, పళ్లు పోయిన ముసలి గుర్రాలకు మాత్రం కొన్ని బస్తాల గుళికలు తెప్పిద్దాం. బీదర్ నందినగర్‌లో 2004లో ఏర్పడిన పశువైద్య విశ్వవిద్యాలయం మన జిల్లాలోనే ఉంది. అక్కడి డాక్టర్లను ఒక ఆదివారం పిలిచి గుర్రంవాళ్లతో కూర్చోబెడదాం, మేము చెప్పినదాంట్లో దిద్దవలసింది ఉంటే వాళ్లే దిద్దుతారు.

2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి 3.4 లక్షలే. ఏడేళ్లలో దాదాపు సగం తగ్గాయి. ఉన్నవాటిలో మనవాళ్ల చేతిలో ఉన్నవి కొన్నే. ఈ పనిలో పిల్లలు ఉంటారో ఉండరో చెప్పలేం, ఉన్నన్నాళ్లు గుర్రం ఆకలితో కాకుండా, అజీర్తితో కాకుండా బతకాలి. కొనేదైతే కోతలకు ముందే తేల్చాలి, చైత్రం దాటితే ఇదే డబ్బుకు ఇంత చొప్ప రాదు. సమావేశానికి తప్పక రండి. గుర్రం ఉన్నవాళ్లు మీ గుర్రం వయసు, ఇప్పుడు పెడుతున్న మేత ఒక కాగితం మీద రాసుకుని తీసుకురండి.