లాటరీ పెట్టిన టంకసాల

రాజులు నాణెములు కొట్టించిన కాలమున టంకసాలలో పనిచేయువానికి కూలి ఎంతయన్న ప్రశ్న ఖజానాదారుకు మాత్రమే పట్టినదిగా నుండెడిది. కాని రాజును ఖజానాయును లేక, ఒకరి ముఖమొకరెరుగని వేలాది జనులు తమ తమ యంత్రములను నడపుటచేతనే నిలిచియుండు క్రిప్టో నాణెముల విషయమున, వారినందరిని ఒకచోట కట్టియుంచు బంధము ఆ కూలి యొక్కటియే. క్రొత్త నాణెమును కల్పింపబూనినవాడు దాని పేరును, గుర్తును గూర్చి ఎంత తలపోసినను, లావాదేవీల చిట్టాలో పుటవంటిదైన ఒక్కొక్క బ్లాకునకు ఇచ్చు ప్రతిఫలమును ఎట్లు నిర్ణయించెనన్నదే దాని స్వభావమును తేల్చును. ఇట్లు యంత్రములతో బ్లాకులను కట్టువారిని మైనర్లందురు; మన పల్లెలలో మైనరనగా తాతల ఆస్తిని తగలవేయు షోకిలాయని అర్థము గనుక, నేను ఖనకులనియే వ్యవహరింతును.

2009 జనవరి 3న మొదలైన బిట్‌కాయిను ఈ విషయమున మిక్కిలి నిరాడంబరమైనది. మొదట బ్లాకుకు 50 నాణెములు; 210,000 బ్లాకులు గడచిన ప్రతిసారియు అందులో సగము; 2024 ఏప్రిల్ నుండి 3.125. ఈ నిశ్చితత్వము కొందరికి చప్పగా తోచినందున, 2013లో వింత కూలిలెక్కలతో క్రొత్త నాణెములు బయలుదేరినవి.

ఆ సంవత్సరము జూలైలో సన్నీ కింగ్ అను మారుపేరు గలవాడు వెలువరించిన ప్రైమ్‌కాయిను, ఖనకుల శ్రమ కొంత గణితమునకైన పనికివచ్చుగాక యని, ప్రధాన సంఖ్యల మాలలను వెదకి తెచ్చినవారికి ప్రతిఫలము నిచ్చెను. 2, 5, 11, 23, 47 అనునది అట్టి మాల. ప్రతి సంఖ్యయు దాని ముందరిదానికి రెండింతలపై ఒకటి. తరువాతిది 95 కావలసియుండగా, అది 5చే భాగింపబడును గనుక మాల అచ్చట తెగును. ఇచ్చట కూలి కాలముతో గాక కఠినతతో (బ్లాకును సాధించుట ఎంత కష్టమో చూపు కొలతతో) తగ్గును: 999ని కఠినతయొక్క వర్గముచే భాగింపగా వచ్చునదే ప్రతిఫలము. కఠినత 7 అయిన 20కి కొంచెము పైన, 10 అయినచో 9.99. ఆలోచన ముచ్చటైనదే. కాని ఒకే మాలను రెండుమారులు అమ్ముకొనకుండుటకై దాని మూలసంఖ్యను ఆ బ్లాకు హాష్‌తో, అనగా బ్లాకులోని విషయమునుండి లెక్కించిన గుర్తుసంఖ్యతో, ముడివేయవలసివచ్చినందున, గణితజ్ఞుడు తనకు కావలసిన సంఖ్యను కోరుటకు వీలులేక, దొరికినదానితోనే తృప్తిపడవలసివచ్చెను.

ఇంతకంటె ఆసక్తికరమైనది, అదే యేడు డిసెంబరులో బిల్లీ మార్కస్, జాక్సన్ పామర్ అను ఇరువురు పరిహాసమునకై పుట్టించిన డోజ్‌కాయిను కథ. లక్కీకాయినను పూర్వపు నాణెము పోకడ ననుసరించి, వీరు ప్రతి బ్లాకు వెనుకను ఒక లాటరీని దాచిరి. నిమిషమునకొక బ్లాకు, దాని ప్రతిఫలము ఒక్క నాణెము కావచ్చును, పది లక్షలు కావచ్చును. అయితే కంప్యూటరు యాదృచ్ఛిక సంఖ్యను పుట్టించుటకు ఒక విత్తు కావలెను. లోకమందలి యంత్రములన్నియు ఒకే సంఖ్యకు చేరవలెనన్న ఆ విత్తు అందరికిని కనబడునదై యుండవలెను. కావున అంతకు ముందటి బ్లాకు హాష్ నుండి ఏడక్షరములు తీసి వానినే నాటిరి. విత్తొకటి వేసిన చెట్టొకటి మొలచునా? ముందటి బ్లాకు వెలువడిన క్షణముననే రాబోవుదాని విలువ ఎంతయో, ప్రోగ్రామును చదువనేర్చిన ప్రతివానికిని తెలిసిపోవునట్లయ్యెను. తొమ్మిది లక్షలు రానున్నవన్న యంత్రములను ఇటు త్రిప్పుటకును, తొమ్మిది వేలే యన్న అవే యంత్రములతో లైట్‌కాయినను మరియొక నాణెమును త్రవ్వుకొనుటకును తెలివిగలవారికి అడ్డమే లేకపోయెను. ఇది దొంగతనము కాదు. నియమమును యజమానికంటె శ్రద్ధగా చదువుట. కఠినతను నాలుగు గంటలకొకసారి మాత్రమే సవరించు ఏర్పాటు దీనికి తోడై, గుంపుగా వచ్చి కోసికొనిపోయినవారు వెళ్లిన పిదప, ఆ భారమును నిలకడగా పనిచేయువారు మోయవలసివచ్చెను. 2014 మార్చిలో, 145,000వ బ్లాకు నుండి, లాటరీని ఎత్తివేసి 250,000 నాణెముల స్థిర ప్రతిఫలమును పెట్టి, కఠినతను ప్రతి బ్లాకుకును సవరింపసాగిరి.

ఈ లోపము దిద్దరానిది కాదు. ముందటి బ్లాకును విడిచి, ఖనకుడు తాను పూర్తిచేసిన బ్లాకు హాష్ నుండియే విత్తును తీసినచో, పని ముగియువరకు ఫలము తెలియదు. తెలిసినపిమ్మట అది అల్పమైనను పారవేయుటకంటె పుచ్చుకొనుటయే మేలు. నేడు ఇట్టి నాణెమును కట్టదలచిన యువకుడెవడైనను నన్నడిగిన ఈ మార్గమునే చూపుదును. కాని, దీనివలన ఎవరికి ఏమి ఉల్లాసము కలుగునని మరల అతనినే అడుగుదును. ఏలయన ఒంటరి ఖనకుడు బ్లాకు దొరకువరకు నెలల తరబడి వేచియుండలేక కూటములలో చేరును. అచ్చట పది లక్షల బ్లాకును పదివేల బ్లాకును ఒకే కల్లములో కుప్పవోసి, ఎవరి శ్రమకు తగినంత వారికి కుంచముతో కొలిచినట్లు పంచుదురు. లాటరీ తగిలినది కూటమికే గాని, మనిషి చేతికి వచ్చునది సగటు మాత్రమే.

డోజ్‌కాయిను ప్రతిఫలము తరువాత మెట్టుమెట్టుగా దిగి, 600,000వ బ్లాకు నుండి 10,000 వద్ద స్థిరపడినది. ఆ లెక్కన ఏటా సుమారు 525 కోట్ల క్రొత్త నాణెములు, అంతమనునది లేక. అదియు 2014 నుండి లైట్‌కాయినుతో కలిపి ఒకే శ్రమతో త్రవ్వబడుచున్నది. లాటరీ టిక్కెట్టుగా పుట్టినది ఇప్పుడు ఒకటవ తేదీ జీతమునకు అలవాటుపడిన గుమాస్తావలె, నిమిషము తప్పక తన పదివేలను లెక్కపెట్టుకొనుచున్నది.