గీత ఒకచోట, బిగింపు ఇంకోచోట

జెనెసిస్ ఎక్స్ గ్రాన్ బెర్లినెట్టా అని ఒక కారుంది. పెట్రోలు ఇంజనుకు కరెంటు తోడు. రెండూ కలిస్తే వెయ్యి హార్స్‌పవర్ దాటుతుంది. అయినా దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు, బంకు దగ్గర క్యూ అసలే లేదు. గ్రాన్ టురిస్మో అనే వీడియో గేమ్ కోసం చేసిన కారది. 2023 డిసెంబరులో బయటపెట్టారు. చేసింది హ్యుందాయ్ గ్రూపు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉన్న మన కియా కూడా ఆ గ్రూపుదే.

ఆటబొమ్మకు ఇంత హడావుడి ఎందుకని పెద్దలు అడగొచ్చు. 2013లో గ్రాన్ టురిస్మో సృష్టికర్త కజునోరి యమౌచి పిలుపుతో కార్ల కంపెనీలు ఈ ఆట కోసం ఊహాకార్లు గీయడం మొదలుపెట్టాయి. మొదట మెర్సిడెస్ వచ్చింది. 2015లో హ్యుందాయ్ హైడ్రోజన్‌తో నడిచే కారు తెచ్చింది. ఇక్కడ ధర, క్రాష్ టెస్టు, బంపరు ఎత్తు లాంటివేవీ అడ్డురావు. అలాగని అడ్డదిడ్డంగా గీస్తే చెల్లదు. బరువు, గాలి ఒత్తిడి, టైరు పట్టు అన్నీ గేమ్ లెక్కగడుతుంది, మలుపులో తేడా తెలిసిపోతుంది. కంపెనీ రేపటి కారుకు ఇవాళ చేసుకునే చౌకైన రిహార్సల్ ఇది.

2017 మార్చిలో టాటా వాళ్లు కూడా జెనీవాలో రేస్‌మో అనే బుల్లి స్పోర్ట్స్ కారు చూపించి, ఫోర్జా గేమ్‌లోకి తెస్తామన్నారు. హైబ్రిడ్ కాదు, ఉత్త పెట్రోలు బండి. అది రోడ్డెక్కలేదు. ఆ మరుసటి నెలలోనే మన రాష్ట్ర ప్రభుత్వంతో కియా ఫ్యాక్టరీ ఒప్పందం కుదిరింది. ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి. ఫ్యాక్టరీకి నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి. 2019 ఆగస్టుకల్లా సెల్టోస్ బయటికొచ్చింది.

సంతోషమే. కరువు సీమలో కారు పుట్టింది. కానీ కారు గీసే పని ఇక్కడికి రాలేదు. గ్రూపు ప్రధాన పరిశోధన కేంద్రం కొరియాలోని నామ్యాంగ్‌లో ఉంది, ఒక ఇంజినీరింగ్ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. ఆ చట్టం తలలు లెక్కపెడుతుంది, ఎవరిని ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టారో చూడదు.

గీత మనకు రాదా అంటే, ధర్మవరం వెళ్లి చూడండి. పట్టుచీరకు ముందు డిజైనరు గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు నింపుతాడు. ఆ గళ్లే అట్టల మీద చిల్లులవుతాయి. అట్టల దండ మగ్గం పైనున్న జకార్డులో తిరుగుతుంటే, చిల్లున్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్క గడి తప్పిందా, కొంగు మీద నెమలి మెడ వంకర పోతుంది. ఇప్పుడా గళ్లు కంప్యూటర్ తెర మీదికీ వచ్చేశాయి. గేమ్ కారు గీసేవాడూ తెర మీద గళ్లతోనే కుస్తీ పడతాడు. హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షి గుడి కప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మల్లో చీరల అంచులు చూసినవాడెవడూ మన చేతికి గీత రాదనడు.

త్రీడీ డిజైన్ నేర్పడానికి భూసేకరణ అక్కర్లేదు, రిజర్వాయరూ అక్కర్లేదు. బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితం. గట్టి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్లు, నేర్పగల మాస్టారు ఉంటే చాలు. సత్యసాయి జిల్లా పాలిటెక్నిక్‌లలో ఈ కోర్సు పెట్టండని కలెక్టరు గారికి మనవి. కియా వారికి ఒక మాట: ఈ జిల్లా పిల్లలకు ఏటా గేమ్ కారు డిజైన్ పోటీ పెట్టండి, గెలిచినవాళ్లను కొన్నాళ్లు మీ డిజైనర్ల పక్కన కూర్చోబెట్టండి.