మళ్ళీ వేసే ముందు కాస్త ఆగాలి

పోయినవారం తొర్రూరు వెళ్ళాను. పొద్దున్నే బావి దగ్గర మోటారు ఆగిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిందన్నమాట. లైన్‌మన్‌కి ఫోన్ చేద్దామంటే మా చిన్నాయిన వినలేదు. "వాడొచ్చేదాంక పొలం ఎండుతదిరా, మల్లేసి చూస్తె ఏమైతది" అన్నాడు. వేశాడు. ఢామ్మని నిప్పులు! తీగల మీద కొమ్మ పడి ఉంది, ఎవరం చూసుకోలేదు. ఆయనకేం కాలేదు కాబట్టి ఈ టపా రాయగలుగుతున్నాను.

నవ్వకండి, మన కోడూ ఇదే పని చేస్తుంది. సర్వర్ పలక్కపోతే వెంటనే మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ, మళ్ళీ... అది లేవబోతుంటే ఇంకోసారి పడేస్తుంది.

హెచ్‌వీడీసీ లైన్లు చూడండి. ఒడిషాలోని తాల్చేరు నుంచి కర్ణాటకలోని కోలారుకి 2003లో వేసిన లైను 500 కిలోవోల్టులది, 2000 మెగావాట్లు మోసేలా కట్టారు. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నా దాటుతుంది, బ్రేకరు ఆ అదునులో తెంపేస్తుంది. డీసీకి ఆ సున్నా లేదు. అందుకని ఇలాంటి లైన్లో ఫాల్ట్ వస్తే, పంపే చివరి థైరిస్టర్ల ఫైరింగ్ కోణాన్ని 90 డిగ్రీలు దాటిస్తారు. తోసేది కాస్తా వెనక్కి లాగుతుంది, కరెంటు సున్నాకొస్తుంది. తర్వాత సెకనులో కొద్ది భాగం ఊరికే ఆగుతుంది, నిప్పురవ్వ లేచిన చోట గాలి మామూలు కావాలి కదా. అప్పుడు మళ్ళీ ప్రయత్నం. లెక్కపెట్టినన్ని సార్లే. కుదరకపోతే ఆ పోల్ ఆపేసి రెండో పోల్‌తో సగం పవర్ పంపుతుంది.

2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలినా దక్షిణ గ్రిడ్ నిలబడింది. అప్పట్లో మనల్ని మిగతా దేశంతో కలిపే పెద్ద లింకులు గాజువాక, చంద్రాపూర్, తాల్చేరు-కోలారు... అన్నీ డీసీవే. అవతలి ఊగిసలాట ఇటు రాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు ఏసీ లైనుతో అందరం ఒకటయ్యాం.

ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కి అంత ఖర్చు పెడతారా అంటారేమో. అక్కర్లేదు. గంటలో లైన్‌మన్ వస్తాడన్న నమ్మకం ఉంటే చిన్నాయిన ఆగేవాడు. ఆగితే నష్టం తనొక్కడికే అయినప్పుడు ఏ రైతు ఆగుతాడు? ఎంతసేపు ఆగాలి, ఎన్నిసార్లు ప్రయత్నించాలి అన్నది సిస్టమ్ కట్టేవాడు ముందే తేల్చాలి. తొందరలో ఉన్న మనిషి చేతికి ఫ్యూజు ఇచ్చేసి, తర్వాత ఆయన్నే తిట్టడం అన్యాయం.

ఏమంటారు?