సిపాయి మాటయు తుపాకి పరీక్షయు

తుపాకి మంచిచెడ్డలను నిర్ణయింపవలసినవారెవరు? దాని రూపమును గీచిన యింజనీరా, వెల కట్టిన కార్యాలయమా, లేక వానలోను ఇసుకలోను దానిని మోయు సిపాయియా? ఈ ప్రశ్న పాతదే. కాని బ్రిటిషు సైన్యము 1985వ సంవత్సరమున స్వీకరించిన ఎస్.ఏ.80 అను రైఫిలు చరిత్రమున నిది తేటపడినంతగా మఱియొకచోట తేటపడదు. కావున దానిని కొంత వివరముగా పాఠకులకు విన్నవింపనెంచితిమి.

ఈ రైఫిలు బుల్‌పప్ అను తరగతిలోనిది. సాధారణపు రైఫిలులో తూటాల మేగజీను ట్రిగ్గరునకు ముందుండును. వెనుకనున్న మడమ ముఖ్యముగా భుజమున నానించుకొనుటకే యుపయోగపడును. బుల్‌పప్‌లో మేగజీనును, తూటాను ప్రేల్చు యంత్రభాగమును ట్రిగ్గరునకు వెనుక, ఆ మడమలోనే యిమిడ్చెదరు. ఇందుచే గొట్టము పొడవు తగ్గకయే తుపాకి పొడవు తగ్గును. ఎస్.ఏ.80 గొట్టము 518 మిల్లీమీటర్లు. తుపాకి మొత్తము 785 మిల్లీమీటర్లు. అమెరికనుల ఎమ్.16ఏ2 గొట్టము 508 మిల్లీమీటర్లే యైనను, ఆ తుపాకి మీటరునకు కొంచెము మించియే యుండును. ఆంగ్లేయులకు ఈ రూపముపై మోజు 1985లో పుట్టినది కాదు. 1951లోనే ఇ.ఎమ్.2 అను బుల్‌పప్‌ను స్వీకరించి, చర్చిల్ ప్రభుత్వము రాగానే విడిచిపెట్టిరి.

కవచశకటములో మోకాలు మోకాలికి తగులునట్లు కూర్చుండి పోవువానికి, హెలికాప్టరునుండి దిగువానికి, ఇల్లిల్లు చొచ్చి గాలించువానికి జానెడు పొడవు తగ్గుట యెంత మేలో సిపాయిలే చెప్పిరి. బరువు భుజమునకు దగ్గఱగా నుండుటచే కుడిచేత తుపాకి నిలిపి ఎడమచేత తలుపు త్రోయవచ్చునని కొందఱు మెచ్చిరి. నాలుగింతలుగా చూపు అద్దముతో గుఱి కుదురుటను మెచ్చినవారు పెక్కురు. గుఱి విషయమున దీనిని నిందించినవారు అరుదు.

నిందలును లేకపోలేదు. బోరగిల పండుకొని మేగజీను మార్చునపుడు చేయి చంకక్రిందికి పోవలెను. చీకటిలో నిది మఱింత చిక్కు. ట్రిగ్గరు ముందు, యంత్రము వెనుక నుండుటచే రెంటిని కలుపుటకు పొడవైన కడ్డీ కావలసివచ్చినది. అందువలన ట్రిగ్గరు లాగుడు వ్రేలికి స్పష్టముగా తెలియదందురు. తూటా ప్రేలు తావు చెంప ప్రక్కనే యుండును. వీనిలో ననేకములకు అభ్యాసమే మందు.

అభ్యాసమునకు లొంగని చిక్కు ఒకటి కలదు. ఖాళీ తొడుగులు కుడివైపునకు ఎగిరిపడును. తుపాకిని సిద్ధపఱచు పిడియు ఆ ప్రక్కనే ముందువెనుకలకు కొట్టుకొనును. ఎడమభుజమున నానించి పేల్చినచో అవి మొగమునకే తగులును. కాబట్టి ఎడమచేతివాటము గలవాడును కుడిభుజముననే పేల్చుట నేర్వవలసివచ్చెను. కుడిచేతివాటము వానికి మాత్రము సుఖమా? గోడ ఎడమ అంచునుండి పేల్చునపుడు వాడు దేహమును హెచ్చుగా బయటపెట్టక తప్పదు. ఆస్ట్రియావారి స్టెయిరు తుపాకియందును, ఫ్రెంచివారి ఫమాస్‌నందును తొడుగులు పడు ప్రక్కను మార్చుకొను వీలు కలదు. ఆంగ్లేయులు ఆ వీలును కల్పింపరైరి.

ఇంతకంటె హెచ్చయిన కథ 1991లో గల్ఫు యుద్ధమున నడచినది. ఎడారి యిసుకకు తుపాకులు మాటిమాటికి అడ్డుకొనినవి. నడకలో మేగజీను మీట దేహమునకు ఒత్తుకొని మేగజీను జాఱిపడెడిది. దోమలు కుట్టకుండ పూసికొను మందు తగిలి తుపాకి ప్లాస్టిక్కు చెడినది! ఈ లోపములను చెప్పిన సైనిక నివేదిక పత్రికల కెక్కగా, రక్షణశాఖవారు మొదట నది కల్పితమనిరి; పిమ్మట నిజమైనదేయని యొప్పుకొనిరి. సిపాయిలు ఈ తుపాకికి ‘సర్కారు గుమాస్తా’ యను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఇంగ్లీషున తుపాకి పేల్చుటకును కొలువునుండి తీసివేయుటకును మాట యొక్కటే. ఇది పని చేయదు, దీనిని ఆ పనియు చేయలేము అని వారి వేళాకోళము. అధికారుల సమాధానముకంటె ఈ వేళాకోళమునందే సత్య మెక్కువ యున్నదని మా యభిప్రాయము.

తుదకు 2000 సంవత్సరము మొదలు సుమారు 2,00,000 తుపాకులను జర్మనుల హెక్లరు కోఖ్ కర్మాగారముచే బాగుచేయించిరి. వ్యయము 92 మిలియను పౌనులు. 2002లో ఆఫ్ఘనిస్తానమున రాయల్ మెరీనులు మరల మొఱపెట్టగా, శుభ్రపఱచుటలోని లోపమే హెచ్చని పై వారనిరి. అటుపై ఇరాకు, ఆఫ్ఘను రంగములలో ఈ రెండవ రూపము క్రమముగా సిపాయిల నమ్మకమును సంపాదించినది.

ఇచ్చట నొక భేదమును గమనింపవలెను. ఇసుకకు అడ్డుకొనుట, మేగజీను జాఱుట బుల్‌పప్ రూపముయొక్క దోషములు కావు, పనితనపు దోషములు. ఎడమభుజపు చిక్కు, చంకక్రింది మేగజీను రూపముననుండి పుట్టినవి. ఈ రెంటిని కలగలిపి బుల్‌పప్ పనికిరాదనుట న్యాయము కాదు. మన దేశపు ప్రత్యేకదళములు ఇజ్రాయెలువారి తవోరు బుల్‌పప్‌ను చేపట్టియే యున్నవి. సాధారణ రూపమున నున్న మన ఇన్‌సాస్ రైఫిలు 1999 కార్గిలు చలిలో మేగజీనులు పగులుటచే అపకీర్తి పాలైనది కదా! దాని స్థానమున ఏ.కె.203ను అమేఠీ జిల్లా కోర్వాలో చేయుచున్నారు. మొదటి తుపాకులు చేతికందిన దళములు ఏమి చెప్పుచున్నవో అడిగి వ్రాయించుట, ఆ వ్రాతను సరఫరా ముగియకముందే చదువుట అధికారులకు కష్టమగు పని కాదు.

రూపముననుండి పుట్టిన చిక్కులను మాత్రము లోకము మఱవలేదు. ఫ్రాన్సు ఫమాస్‌ను విడిచి 2016లో హెక్లరు కోఖ్ వారి సాధారణపు రైఫిలు నెన్నుకొన్నది. చీనావారును తమ బుల్‌పప్ స్థానమున సాధారణ రూపపు తుపాకిని 2019లో కవాతునందు చూపిరి. ఇంగ్లండున సామాన్య పదాతిదళముల చేత ఎస్.ఏ.80 మూడవ రూప మింకను ఉన్నను, 2023లో ప్రత్యేక కార్యదళములకును రాయల్ మెరీనులకును ఎన్నుకొన్న ఎల్.403ఏ1 బుల్‌పప్ కాదు. దాని మీటలు రెండు ప్రక్కలను ఉన్నవి. ఎడమచేతివాటపు సిపాయి దానిని ఎడమభుజముననే ఆనించి పేల్చవచ్చును.