కాపరికి మంద పాలు దక్కాలి



కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో పౌలు గొర్రెల కాపరి మాట ఎత్తుతాడు. మందను కాసేవాడికి ఆ మంద పాలలో భాగం ఉండడం న్యాయమే కదా అన్నది అక్కడ ఆయన భావం. ఆ మాటను మనం ఎప్పుడూ దైవసేవకుల పోషణకే అన్వయించుకుంటాం. అది సరైనదే. కానీ పౌలు ఉదాహరణగా తీసుకున్న ఆ మనిషి, నిజంగా ఎండలో వానలో గొర్రెలు కాసేవాడు, మన ఆలోచనలోకే రాడు. ఈ రోజు అతని గురించి మాట్లాడుకుందాం.

మన దగ్గర గొర్రె అంటే మాంసం, కొంత ఉన్ని. మందలకు మందలు పాల కోసమే పెంచే దేశాలున్నాయంటే కొందరికి వింతగా ఉండవచ్చు. స్పెయిన్, ఫ్రాన్సు సరిహద్దున, పిరెనీసు పర్వతాల పడమటి కొసన బాస్కు ప్రజలు ఉన్నారు. వారి గొర్రె పేరు లాచా. వారి భాషలో ఆ మాటకు గరుకు అని అర్థం. పేరుకు తగ్గట్టే దాని ఉన్ని పొడవుగా, గరుగ్గా కిందికి వేలాడుతుంది. అక్కడ వానలు ఎక్కువ. ఆ నీళ్లు ఉన్ని మీదుగా జారిపోతాయి. కొన్నిటి ముఖం నలుపు, కొన్నిటిది ఎరుపు. చలికాలం లోయలో ఇంటి దగ్గర ఉండి ఈనుతాయి. ఎండలు ముదిరేసరికి అరలార్, ఉర్బియా వంటి కొండల మీది పచ్చికకు ఎక్కుతాయి.

ఆ పాలతో చేసే చీజ్ పేరు ఇదియాసాబాల్. చీజ్ అంటే ఈనిన బర్రె పాలతో మనం వండుకునే జున్ను కాదు. మొదటి సమూయేలు 17లో దావీదు యుద్ధభూమికి మోసుకెళ్లిన జున్నుగడ్డల వంటిది. గొర్రె పాలు చాలా చిక్కన. అయినా కిలో చీజ్‌కు ఆరేడు లీటర్లు పడుతుంది. కనీసం 2 నెలలు మాగబెడతారు. పూర్వం కాపరులు కొండ గుడిసెల్లో పొయ్యికి దగ్గరగా దాచుకుంటే పొగ పట్టి దానికొక రుచి వచ్చేది. ఆ రుచి కోసం ఇప్పటికీ కొందరు కావాలనే పొగ పెడతారు.

ఇక అసలు సంగతి. లాచా ఇచ్చే పాలు తక్కువ. ఇశ్రాయేలులో 1950ల నుంచి అవాసీ అనే స్థానిక గొర్రెను ఈస్ట్ ఫ్రీజియన్ అనే జర్మనీ గొర్రెతో కలిపి అస్సాఫ్ అనే జాతిని తయారు చేశారు. బాగా మేపితే అది లాచాకు రెట్టింపు పైనే పాలిస్తుంది. అది స్పెయిన్‌కూ వచ్చింది. అక్కడి కాస్టిలే-లియోన్ ప్రాంతంలో ఒకప్పుడు చుర్రా అనే పాత గొర్రె ఉన్న ఎన్నో దొడ్లలో ఇప్పుడు అస్సాఫే కనిపిస్తుంది. రైతును తప్పు పట్టలేం. లీటరు లెక్కనే డబ్బిస్తే ఎవరైనా లీటర్లే చూసుకుంటారు. కానీ అస్సాఫ్ కొట్టంలో దాణా తిని పాలిచ్చే గొర్రె. వానలో కొండెక్కి గడ్డి వెతుక్కునే పనికి లాచాయే తగినది.

ఇక్కడే బాస్కు వారు తెలివైన పని చేశారు. 1987లో ఇదియాసాబాల్ పేరుకు చట్టం అండ వచ్చింది. లాచా పాలతో గాని, దానికి దగ్గరి జాతి కర్రాన్సానా పాలతో గాని చేస్తేనే ఆ పేరు పెట్టాలి. ఫ్రాన్సు వైపు ఒస్సో-ఇరాతీ అనే చీజ్‌కు 1980లోనే అలాంటి గుర్తింపు దొరికింది. దానికీ అక్కడి మూడు స్థానిక జాతుల పాలే వాడాలి. అంటే గొర్రెను, కొండను, కాపరిని కలిపి ఒకే ముడి వేశారు. లాచా ఇంకా ఆ కొండ మీద ఉందంటే, దాని పాలకు ధర ఉండబట్టే.

కష్టాలు తీరిపోయాయని కాదు. ఆ గరుకు ఉన్నిని కొనేవారు కరువయ్యారు. పాలు పితికే రోజుల్లో కాపరికి ఆదివారమూ లేదు, పండుగా లేదు. పిల్లలు పట్నం దారి పడుతున్నారు. అందుకని అరాంత్సాసు అనే చోట కాపరుల కోసం ఒక పాఠశాలే నడుపుతున్నారు. మందను చూసుకోవడం, చీజ్ చేయడం అక్కడ చదువుగా నేర్పుతారు.

ప్రియులారా, ఇప్పుడు మన వైపు చూద్దాం. మన ఊళ్లలో చదువు రాని పిల్లవాణ్ని ఏమని తిడతారు? గొర్రెలు కాసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావని. ఆదివారం 23వ కీర్తన కంఠతా చెప్పి, సోమవారం అదే పనిని తిట్టుగా వాడుతున్నాం. ఐగుప్తు వారు గొర్రెలు మేపేవారిని నీచంగా చూసేవారని ఆదికాండము 46 చెబుతుంది. మరి మనం ఎవరి పక్షాన ఉన్నాం? దావీదును దేవుడు ఎక్కడి నుంచి పిలిచాడు? రక్షకుని పుట్టుక వార్త పొలంలో ముందు విన్నది ఎవరు?

మనకూ లాచా వంటి గొర్రె ఉంది. దక్కనీ గొర్రె. మెరక నేలల్లో, కరువులో తట్టుకుని బతుకుతుంది. దాని నల్లని గరుకు ఉన్నితోనే తెలంగాణలో కురుమలు గొంగడి నేస్తారు. మిల్లు దుప్పట్లు చవగ్గా వచ్చాక ఉన్నికి గిరాకీ పడిపోయింది. మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు పొట్టేళ్లతో కలిపి, అసలు జాతిని చాలాచోట్ల పలచన చేసుకున్నాం. మాంసం తూకం ఒక్కటే కొలత అయితే దక్కనీ ఓడిపోతుంది. లీటరు ఒక్కటే కొలత అయితే లాచా ఓడిపోతుంది. ఒక్క కొలతతో కొలిస్తే మన సంఘంలో కూడా చాలామంది ఓడిపోతారు. కానుక పెద్దదా, చదువు ఎంత, ఉద్యోగం ఏమిటి అని కొలిచేటప్పుడు ఇది గుర్తుంచుకుందాం.

నా మనవి ఇదే. కాపరిని ప్రసంగంలో మెచ్చుకుంటే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. గొంగడి కొనగలిగినవారు నేసిన ఇంటికే వెళ్లి, బేరమాడకుండా ఒకటి కొనండి. మీ పొలంలో మంద పెట్టించుకుంటే ఎరువుకు తగిన ప్రతిఫలం ఇవ్వండి. సండే స్కూలు పిల్లల ముందు ఆ తిట్టు ఎవరి నోటా రానివ్వకండి. సంబంధాలు చూసేటప్పుడు గొర్రెలు కాసే కుర్రాడని అబ్బాయిని తీసిపారేయకండి. పౌలు చెప్పిన న్యాయం మన ఊరి కాపరికి దక్కినప్పుడే మనం ఆ కీర్తనను నిండు మనసుతో పాడగలం.

మంచి కాపరియైన ప్రభువు మిమ్మును, మీ మందలను కాపాడును గాక. ఆమేన్.